ఎడమ సీటు మీద నా కన్ను

నా స్నేహితుడు కెప్టెన్ అయ్యాడని తెలిసిన రోజు నేను చాలా సంతోషించానని ఇప్పటిదాకా అందరికీ చెబుతూ వచ్చాను. అబద్ధం. ఆ రోజు నాకు కడుపు మండిపోయింది. ఈ అరబ్బు దేశంలో, సముద్రం ఒడ్డున ఉన్న కల్బాలో, మా అమ్మ ఉండే ఆసుపత్రి క్వార్టర్స్‌లో, వంటింట్లో సింక్ దగ్గర నిలబడి చేపలు కడుగుతున్నాను. ఫోన్‌లో ఫొటో వచ్చింది. తెల్ల చొక్కా, భుజం మీద నాలుగు పట్టీలు, వెనకాల చిన్న జెట్ విమానం, పళ్లన్నీ కనిపించే నవ్వు. కింద "అక్కా, అయిపోయింది" అని ఒకే ముక్క. తడి చేత్తోనే ఒక పూలగుత్తి బొమ్మ పంపించి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ తర్వాత ఆ చేపను ఎంతసేపు రుద్దానంటే, పొలుసుతో పాటు తోలు కూడా ఊడొచ్చిందని మా అమ్మ వచ్చి తిట్టింది.

అది రెండు వేల ఇరవై ఒకటి. అప్పటికి నాకు ఉద్యోగం పోయి ఏడాది దాటింది.

విమానం ముందు గదిలో రెండు సీట్లుంటాయి. ఎడమ పక్కన కెప్టెన్, కుడి పక్కన ఫస్ట్ ఆఫీసర్. ఇద్దరికీ లైసెన్సు ఉంటుంది, ఇద్దరూ నడుపుతారు. ఎత్తడం ఒకరు, దించడం ఒకరు పంచుకుంటారు. కాని చివరి మాట ఎడమ సీటుదే. నేను కుడి సీటులో కూర్చున్న మొదటి రోజు నుంచి నా కన్ను ఆ పక్క సీటు మీదే ఉంది. అందులో దాచడానికేం లేదు, కుడి సీటులో కూర్చున్న ప్రతి ఒక్కరి కన్నూ అక్కడే ఉంటుంది. నా బాధల్లా అది నాకన్నా ముందు అతనికి దొరకడం.

మేమిద్దరం ఒకే ఫ్లయింగ్ స్కూల్లో, ఒకే బ్యాచ్‌లో చదివాం. నేను అతనికన్నా రెండేళ్లు పెద్ద, అందుకే అక్కా అంటాడు. పరీక్షల్లో నేను ముందుండేదాన్ని. అతను వాతావరణం పేపర్ రెండుసార్లు తప్పాడు. మూడోసారికి హాస్టల్ మెట్ల మీద కూర్చోబెట్టి ఏ మేఘం ఎంత ఎత్తులో ఉంటుందో, దేన్ని చూస్తే పక్కకు తప్పుకోవాలో నేనే నేర్పించాను. మా అమ్మ కోస్తా నుంచి నర్సుగా వచ్చి కల్బాలో స్థిరపడింది, నేను పెరిగింది అక్కడే. వాళ్ల నాన్న జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చి జెబెల్ అలీలో ఒక గోదాములో పనిచేస్తున్నాడు. ఉండేది అల్ వర్సాన్‌లో పనివాళ్ల క్యాంపులో, తెల్లారితే కంపెనీ బస్సు.

చదువు అయ్యాక నేను ఇక్కడే ఒక పెద్ద ఎయిర్‌లైన్‌లో చేరాను. అతన్ని వాళ్లు తీసుకోలేదు. కొన్నాళ్లు ఎయిర్‌పోర్టులో సామాన్ల బరువులు లెక్కేసే కాగితాలు రాశాడు. ఆ తర్వాత వాటాల జెట్ కంపెనీలో చిన్న పైలట్‌గా చేరాడు.

వాటాల జెట్ అంటే, ఒక్క విమానాన్ని పది పన్నెండు మంది డబ్బున్నవాళ్లు ముక్కలుగా కొనుక్కుంటారు. ఎవరికి కావలసినప్పుడు వాళ్లు ఫోన్ చేస్తారు. కొన్ని గంటల్లో వాళ్ల గుమ్మం ముందు ఉన్నట్టు విమానం సిద్ధంగా ఉండాలి. అందులో ఉండేది ఇద్దరు పైలట్లే. సామాన్లు ఎక్కించేదీ వాళ్లే, కాఫీ కలిపేదీ వాళ్లే, దిగాక సీట్ల మధ్య బిస్కట్ పొడి ఎత్తేదీ, మరుగుదొడ్డి చూసుకునేదీ వాళ్లే. ఇదంతా అతను చెప్పినప్పుడు నేను పడీపడీ నవ్వాను. పైలట్‌వా, హౌస్‌కీపింగా అని అడిగాను. అతనూ నవ్వాడు.

అప్పట్లో నవ్వే హక్కు నాకు ఉందనుకునేదాన్ని. నన్ను తీసుకెళ్లడానికి ఇంటి కిందికి కంపెనీ బండి వచ్చేది. టోపీ పెట్టుకుని టెర్మినల్లో నడుస్తుంటే పిల్లలు తల్లుల చెయ్యి లాగి చూపించేవారు. ఉద్యోగులం కనుక ఇంట్లోవాళ్లకి టిక్కెట్లు ఇచ్చేవారు. మా అమ్మను మొదటిసారి నేను నడిపే విమానంలో హైదరాబాద్ తీసుకెళ్లాను. దిగేముందు కెప్టెన్ మైకులో ఆ సంగతి చెబితే ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. మా అమ్మ వార్డులో ఆ కథ వినని పేషెంటు లేడు. అతనికీ నేను ఆ కథ చెప్పాను, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. విన్న ప్రతిసారీ అతను కాస్త తలొంచుకుని గ్లాసులో చాయ్ తిప్పుకునేవాడు. పెద్ద విమానం దొరకలేదని కాబోలు అనుకుని, పైకి జాలిపడి లోపల మురిసిపోయేదాన్ని.

రెండు వేల ఇరవైలో నా మురిపెం తీరింది. కరోనాతో ఆకాశం ఖాళీ అయింది. మా విమానాలు జెబెల్ అలీ అవతల కొత్త ఎయిర్‌పోర్టులో ఇంజన్లకు ముసుగులు వేసుకుని వరసగా నిలబడ్డాయి. ఒక మధ్యాహ్నం నాకు ఈమెయిల్ వచ్చింది. మర్యాదగా రాశారు. మర్యాదగా రాసినంత మాత్రాన పోయిన ఉద్యోగం రాదు కదా. ఫ్లాటు ఖాళీ చేసి, రెండు పెట్టెలతో కల్బా చేరాను.

అదే సమయంలో అతనికి ఊపిరి సలపలేదు. డబ్బున్నవాళ్లకి పదిమందితో కలిసి ఎక్కడం భయమైపోయింది, అందరూ జెట్లు అడగడం మొదలుపెట్టారు. అతను ఈ దేశం నుంచి ఆ దేశానికి తిరుగుతూనే ఉన్నాడు. సెలవు దొరికిన రోజు కారేసుకుని కల్బా వచ్చేవాడు. చేతిలో పెద్ద అట్టపెట్టె. అందులో నల్ల ద్రాక్ష, జున్ను ముక్కలు, సీల్ విప్పని జ్యూస్ సీసాలు. విమానంలో పెట్టినవి, ఓనర్లు ముట్టనివి. పారేయమంటారక్కా, మనసొప్పదు అనేవాడు. మా అమ్మ రోజంతా కరోనా వార్డులో ముసుగు కింద ఉడికిపోయి వచ్చేది, ఆ ద్రాక్ష చూసి ఆవిడ ముఖం విచ్చుకునేది. ఎవరో షేక్ వద్దనుకున్న ద్రాక్ష నేను కూడా తిన్నాను. లోపల తిట్టుకుంటూనే గుత్తి మొత్తం తినేదాన్ని.

ఇంకో సంగతి. మా అమ్మ సాయంత్రం ప్రార్థనలో అతని పేరు నా పేరుకన్నా ముందు రావడం మొదలైంది. వాడు ప్రయాణాల్లో ఉన్నాడు కదే, నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా అంది అడిగితే. దేవుడి దగ్గర కూడా నేను వరసలో వెనక పడ్డాను.

అతను నన్ను వాళ్ల కంపెనీకి రమ్మన్నాడు, నిజమే. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, ఏదో పక్కింటి కబురు చెప్పినట్టు చెప్పాడు.

"మా దగ్గరికి రా అక్కా. నేను మాట్లాడ్త."

"బ్యాగులు మొయ్యడానికి కాదు నేను చదివింది" అన్నాను.

అతను రెండో చెప్పు వేసుకోవడం ఆపాడు.

"మోసినంక నడిపేది మనమే గదక్కా" అన్నాడు. ఆ మాట మీద కోపం తెచ్చుకోకుండా, వెళ్లొస్తా అని మా అమ్మకు చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్ని నెలలకే నాలుగు పట్టీల ఫొటో వచ్చింది.

ఆ ఫొటో వచ్చిన పక్షం రోజులకు మా ఎయిర్‌లైన్ నన్ను తిరిగి పిలిచింది. ట్రైనింగ్ మొదలయ్యే తేదీ ఇచ్చారు. ఇక్కడ మా పెద్ద ఎయిర్‌లైన్ల పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను చేసుకున్న నష్టం అర్థం కాదు. మా దగ్గర ఒక జాబితా ఉంటుంది. చేరిన తేదీని బట్టి అందులో మన అంకె. పండక్కి సెలవు ఎవరికి దొరకాలి, మంచి ఊళ్లకి ఎవరు వెళ్లాలి, ఎడమ సీటుకి ఎవర్ని పిలవాలి, అన్నీ ఆ అంకె ప్రకారమే. ఎంత బాగా నడిపినా అంకె మారదు. ఒక్కరోజు ముందు చేరినవాడు రిటైరయ్యేదాకా మన ముందే ఉంటాడు. పంపించేసి మళ్లీ పిలిచినవాళ్లకి పాత అంకె లేదు, చివర నుంచి మొదలు. అంచేత ఏ బ్యాచ్‌లో చేరతామన్నది పెళ్లి ముహూర్తంకన్నా ముఖ్యం.

ఇవన్నీ తెలిసి నేనేం చేశాను? అదే వారం అతని కంపెనీవాళ్లు నేరుగా కెప్టెన్ సీటుకే మనుషులు కావాలని ప్రకటన వేశారు. నా దగ్గర అతనికన్నా ఎక్కువ గంటలున్నాయి. వాడికే ఇచ్చినవాళ్లు నాకివ్వరా అనుకున్నాను. అతనికి చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. వాడి సాయం లేకుండా, వాడి కంపెనీలోనే, వాడి సీటులో కూర్చుని ఫొటో పంపాలి. ఆ దరఖాస్తులో రాయలేదు గాని నా అసలు అర్హత అదే.

ఇంటర్వ్యూ సరిగ్గా నా ట్రైనింగ్ మొదలయ్యే వారంలో పడింది. ఇంట్లో ఇబ్బంది ఉంది, తర్వాతి బ్యాచ్‌లో వేయండి అని మా ఎయిర్‌లైన్‌కి రాశాను. సరేనని ఒక్క లైనులో జవాబిచ్చారు. ఒక్క నెలే కదా అనుకున్నాను.

మొదటి రోజు సిమ్యులేటర్, అంటే నేల మీదే నడిపించే ఉత్తుత్తి విమానం. గర్వంగానే చెబుతాను, ఇంజన్ పోగొట్టారు, పొగ పెట్టారు, గాలి అడ్డం తిప్పారు, ప్రతిసారీ విమానాన్ని గీత మీద దించాను. పరీక్ష పెట్టిన కెప్టెన్ నెరిసిన జుట్టు ఆవిడ, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. బాగుందని తలూపింది. రెండో రోజు ప్రైవేటు టెర్మినల్‌కి రమ్మంది. విమానం చూపిస్తానంది. నేను ఇస్త్రీ చేసిన యూనిఫాం, టోపీతో వెళ్లాను.

విమానం మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుతున్నాం. ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి ఒకావిడ దిగింది, చంకలో చంటిపిల్ల, చేతిలో పెద్ద బ్యాగు. రెండడుగులు వేసిందో లేదో బ్యాగు పిడి జారి మెట్ల కింద పడింది. నేను మా ఎయిర్‌లైన్‌లో ఏళ్లుగా చేసినట్టే చేశాను. దారి వదిలి మర్యాదగా పక్కకు జరిగాను, నవ్వాను, చెయ్యెత్తి, "భాయ్, యల్లా, బ్యాగ్" అని త్వరగా రమ్మని కేకేశాను. మా దగ్గర విమానం చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. పైలట్ సామాను ముట్టుకోకూడదు, అది ఇంకొకరి పని, అలాగే నేర్పించారు. ఇక్కడ ఏ భాయీ రాలేదు. చుట్టూ చూశాను, ఎండా సిమెంటూ తప్ప ఎవరూ లేరు. నేను చూస్తుండగానే నెరిసిన జుట్టావిడ వంగి, బ్యాగు భుజాన వేసుకుని మెట్లెక్కి లోపల పెట్టి వచ్చింది.

వచ్చాక నన్ను చాలా మామూలుగా అడిగింది, ఎవరి కోసం చూస్తున్నావని. సామాన్లెత్తే లోడర్ కోసం అన్నాను. ఆవిడ మళ్లీ తలూపింది, కాని ఇది నిన్నటి తలూపడం కాదు. బ్యాగుతో దిగినావిడ వాళ్ల ఆఫీసు మనిషేనట. ఆ పరీక్ష అందరికీ పెడతారట. మర్నాడు వద్దన్న కబురు వచ్చింది. బ్యాగులు మోస్తారని రెండేళ్లు ఎగతాళి చేసినదాన్ని, తీరా ఆ బ్యాగు కాళ్ల ముందు పడితే వంగాలని నాకు తోచలేదు.

నెల తర్వాత తలదించుకుని మా ఎయిర్‌లైన్‌లో చేరాను. ఈ ఇంటర్వ్యూ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు.

ఆ ఒక్క నెల ఖరీదు నాకు రెండు వేల ఇరవై నాలుగులో తెలిసింది. ఎడమ సీటుకి పిలుపులు మొదలయ్యాయి. జాబితా పై నుంచి వరసగా వచ్చాయి. నేను చేరాల్సిన మొదటి బ్యాచ్‌లో ఆఖరి మనిషి దాకా పిలిచారు. అక్కడ ఆగిపోయాయి. కొత్త విమానాలు రావడం ఆలస్యమైందట, మళ్లీ ఎప్పుడో చెప్పలేమన్నారు. ఆ ఆఖరి మనిషితో కొన్నాళ్లకు నాకు డ్యూటీ పడింది. అతను ఎడమ సీటు తన ఎత్తుకు సర్దుకుంటుంటే ఆ మోటార్ చప్పుడు వింటూ కుడి పక్కన కూర్చున్నాను. నెల ముందు చేరి ఉంటే ఆ సీటు నా ఎత్తుకు జరిగేది.

ఇక మా శుక్రవారాలు. ఇద్దరికీ సెలవు కలిసినప్పుడు అల్ వర్సాన్ దగ్గర ఒక తెలుగు మెస్‌లో తినేవాళ్లం. తండ్రి క్యాంపుకి దగ్గరగా ఉంటుందని అతను ఫ్లాటు కూడా ఆ పక్కనే తీసుకున్నాడు. కారు దిగగానే నా చేతిలో ఏ సంచి ఉన్నా తను అందుకునేవాడు, అందులో నీళ్ల సీసా తప్ప ఏమీ లేకపోయినా. అది అతని అలవాటు. ఆ ఇంటర్వ్యూ తర్వాత నుంచి మాత్రం అతను సంచి అందుకున్న ప్రతిసారీ నాకు చురుక్కుమనేది.

అతను చెప్పే కష్టాలు నాకు కష్టాల్లా వినిపించేవి కావు. ఎనిమిది రోజులు పని, ఆరు రోజులు సెలవు, ఏడాది మొత్తానికి తన సెలవులేమిటో అతనికి ముందే తెలుసు. నాకు వచ్చే నెల సంగతే తెలియదు. ఓనర్ ఒకాయన తన వేట డేగను సీటు మీద కూర్చోబెట్టి తీసుకెళ్లాడనీ, దిగాక ఈకలు ఏరలేక నడుం పోయిందనీ చెప్పేవాడు. ఏదో కొండల మధ్య చిన్న రన్‌వే మీద దిగాననీ, భోజనం లేకుండా తొమ్మిది గంటలు కూర్చోబెట్టారనీ చెప్పేవాడు. నేను ఈకలు వదిలేసి, భోజనం వదిలేసి, కొండల మధ్య రన్‌వే ఒక్కటే పట్టుకునేదాన్ని. నేను ఏళ్లుగా అవే పదిహేను ఊళ్ల మధ్య తిరుగుతున్నాను.

ఒక శుక్రవారం తలకాయ కూర కలుపుకుంటూ, దుమ్ము లేచిందని ఒక ఓనర్‌ని రెండు గంటలు ఆపానని చెప్పాడు. ఆ పెద్దమనిషి కస్సుబుస్సుమన్నాడట. మీటింగుంది, పోవాల్సిందేనన్నాడట.

"నేను పోనని చెప్పిన. ఖలాస్. గమ్మున కూసున్నడు" అన్నాడు.

నేను పోనని చెప్పిన. ఆ మాట అనగలగడానికే నేను ఇన్నేళ్లు కాచుకుని ఉన్నాను. నాకు కూర సయించలేదు. ఉప్పెక్కువైందని మెస్‌ వాడి మీద విరుచుకుపడ్డాను.

కిందటేడు మొదట్లో అతను ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నకి రెండేళ్లకోసారి వచ్చే సెలవు వచ్చింది. నా డ్యూటీ ఏ రోజో కనుక్కుని మరీ, నేను నడిపే హైదరాబాద్ విమానానికే టిక్కెట్టు కొన్నాడు. వీలైతే ముందు గది ఒకసారి చూపించమన్నాడు. నీ దాంట్లోనే చూపించొచ్చుగా అన్నాను, కొంచెం వెటకారంగానే. అది ఓనర్లదక్కా, మనవాళ్లని దగ్గరికి గూడ రానియ్యరు అన్నాడు. ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు.

పొద్దుటి విమానం. దించడం నా వంతు, మెత్తగా దించాను. ప్రయాణికులు దిగిపోయారు. కెప్టెన్ ఇంజనీర్‌తో మాట్లాడటానికి తలుపు దగ్గరికి వెళ్లాడు. అప్పుడు మా క్యాబిన్ అమ్మాయి నా స్నేహితుడి తండ్రిని లోపలికి పంపింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కాలికి గోదాములో వేసుకునే బరువు బూట్లు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, పైనా కిందా ఉన్న మీటలన్నీ చూశాడు. రండి బాబాయ్ గారూ అంటే ఒక్క అడుగు లోపలికి వేశాడు.

"బిడ్డా, మావోడు ఏ దిక్కు కూసుంటడు?"

హెడ్‌సెట్ వైరు చుట్టడం మొదలుపెట్టాను. చిన్న విమానం, అందులో ఇలా ఉండదని చెప్పొచ్చు. ఎటైనా కూర్చుంటారని చెప్పొచ్చు. ఆయనకేం తెలుస్తుంది? వైరు మొత్తం చుట్టాక ఇక చుట్టడానికేం మిగల్లేదు.

"ఎడమ పక్కనండి. కెప్టెన్ సీటు" అన్నాను.

ఆయన ఆ సీటు వెనక అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు, మురికవుతుందనుకున్నాడేమో. తర్వాత నా సీటు వైపు చూశాడు.

"ఇగ మీ కంపెనీల ఈడ కూసుంటడంట గదా, నీ లెక్క. కాయిదం అచ్చిందన్నడు. నీకు చెప్పలేదా బిడ్డా?"

చెప్పలేదు. చెప్పాడని తలూపాను. ఆయన వెళ్లాక తిరుగు ప్రయాణానికి ఇంకా ముప్పావు గంట ఉంది. ఆ ముప్పావు గంటలో నా లోపల జరిగింది జరిగినట్టు రాస్తాను. మొదట వచ్చింది సంతోషం. వాడు మా జాబితాలో ఆఖరున చేరతాడు, నా కింద, నాకన్నా ఎంతో కింద. నాలుగు పట్టీలు తీసి మూడు పెట్టుకుంటాడు. ఇన్నేళ్ల మంటా ఒక్కసారిగా చల్లారినట్టు హాయిగా ఉంది. ఆ హాయి ఎంతోసేపు లేదు. నేను దేనికోసం కళ్లలో నిప్పులు పోసుకున్నానో దాన్ని వాడు విడిచిన చొక్కాలా వదిలేసి వస్తున్నాడు. దొరకడం ఒక ఎత్తు, వదిలేయగలగడం ఇంకో ఎత్తు. మొదటి దానికన్నా రెండోదానికి నాకు ఎక్కువ కుళ్లు వచ్చింది.

సాయంత్రం ఇంటికి రాగానే యూనిఫాం కూడా విప్పకుండా ఫోన్ చేశాను. అవతల వాక్యూమ్ మోగుతోంది, విమానం ఊడుస్తున్నాడు. బుద్ధుందా, ఎడమ సీటు ఎవరైనా వదులుకుంటారా అని అరిచాను. అతను అరవలేదు.

"మా నాయిన గోదాం మీదికెళ్లే నా ఇమానం లేస్తది అక్కా. కిందికెళ్లి చూస్తడు, గంతే. ఒక్కపారి గూడ ఎక్కించుకోలేదు. నువ్వు అమ్మను ఎక్కించుకున్న ముచ్చట చెప్పినప్పటి సంది నీ మీద మస్తు కుళ్లు నాకు."

అది విని నాకు ఎంత తృప్తి కలిగిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. చాయ్ గ్లాసు తిప్పుకుంటూ తలొంచుకున్నది అందుకన్నమాట.

అతను ఇంకో మాట అన్నాడు. చేరడానికి మా ఎయిర్‌లైన్‌వాళ్లు రెండు తేదీలిచ్చారట. డేగ ఓనర్‌కి యూరప్ ప్రయాణం ఉంది, ఆయన ఇతనే కావాలంటున్నాడు. మర్యాదగా అది పూర్తిచేసి రెండో బ్యాచ్‌లో చేరదామనుకుంటున్నాడు. ఒక్క నెలే కదా అన్నాడు. అచ్చంగా నా మాట.

నేను ఊరుకోవచ్చు. పోనీ, వాడికీ తెలియాలి, ఆ ఒక్క నెల రుచి వాడూ చూడాలి అని నాలో ఒక మాట లేచింది. నాలుక చివరి దాకా "సరే నీ ఇష్టం" వచ్చింది కూడా.

"మొదటి దాంట్లోనే చేరు. ఒక్కరోజు కూడా ఆగొద్దు" అన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. దరఖాస్తు, వాయిదా వేసిన బ్యాచ్, మెట్ల కింద పడ్డ బ్యాగు, భాయ్ యల్లా అన్న నా కేక, అన్నీ. మధ్యలో వాక్యూమ్ ఆగింది.

"తెల్సక్కా" అన్నాడు.

నెరిసిన జుట్టావిడ ఆ రోజే అడిగిందట, మీ ఇద్దరిదీ ఒకే స్కూలు కదా అని. ఇంకొకసారి పిలవండి, బ్యాగు ఎత్తడం ఒక్క పూటలో నేర్పిస్తానని బతిమాలాడట. ఆవిడ ఒప్పుకోలేదు. నాలుగేళ్లుగా ఆ సంగతి కడుపులో పెట్టుకుని నా సంచి అందుకుంటూ వచ్చాడు. ఎందుకు అడగలేదురా అన్నాను. నువ్వే చెప్తవని చూసిన అన్నాడు. మళ్లీ వాక్యూమ్ మొదలైంది.

అతను మొదటి బ్యాచ్‌లోనే చేరాడు. ట్రైనింగ్ అయ్యాక వాళ్ల నాన్న ఏదో పెళ్లి పేరు చెప్పి నాలుగు రోజుల సెలవు పెట్టాడు. ఆ పెళ్లి ఎవరిదో తండ్రీకొడుకులకే సరిగ్గా తెలియదు. కొడుకు కుడి సీటులో, తండ్రి ముప్పై ఒకటో వరస కిటికీ పక్కన. ఇమానం లేచినప్పుడు మా గోదాం కనబడ్డది బిడ్డా అని ఆయన దిగగానే నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన గొంతు విని నా కళ్లు తడిశాయి, అది నిజం.

ప్రతి నెలా కొత్త జాబితా వస్తుంది. ముందు నా పైన ఎవరున్నారో చూస్తాను, తర్వాత కిందికి జరుపుకుంటూ వెళ్లి అతని పేరు చూస్తాను. నా వంతు ఇంకా రాలేదు. మొన్న శుక్రవారం మెస్‌లో, ఎడమ సీటుకి నీ వంతు రావడానికి చాలా ఏళ్లు పడుతుందిరా అన్నాను, ఆ జాబితా ఫోన్‌లో చూపిస్తూ. రానీ తియ్ అక్కా, తొందరేముంది అని రొట్టె విరుచుకున్నాడు. నిజంగానే అతనికి తొందర లేదు. ఒకసారి అక్కడ కూర్చుని, లేచి వచ్చినవాడికి ఉండదేమో. అతని మీద నాకు ఇప్పుడు మిగిలిన కుళ్లు ఆ ఒక్కటే. అది చిన్నదేం కాదు.